ఆయుధ పూజ నాటి పెట్రోలు వాసన

మొన్న ఆదివారం మా అల్లుడు, మంగినపూడి సముద్రం దాకా వెళ్ళొచ్చిన కారును బందరులో మా ఇంటి ముందు నిలిపి, బానెట్ ఎత్తి, ఇంజను కడుగుతానంటూ కూర్చున్నాడు. కడుగుతానన్నాడే గానీ చాలాసేపు ఏమీ చెయ్యలేదు. ముందు ఇంజను చల్లారాలట. చల్లారాక బ్యాటరీ తీగ ఊడదీసి, బ్యాటరీకీ, గాలి పీల్చే డబ్బాకీ, తీగలు కలిసే చోట్లకీ పాలిథిన్ సంచులు తొడిగాడు, పసిపిల్లకి టోపీ పెట్టినంత శ్రద్ధగా. తర్వాత సబ్బునీళ్ళలాంటిదేదో చిమ్మి, పాత బ్రష్షుతో రుద్ది, పైపు నీళ్ళు జోరుగా కొట్టకుండా సన్నగా వదిలి, మెత్తటి గుడ్డతో ఒత్తి, బానెట్ అలాగే ఎత్తిపెట్టి ఎండకు వదిలేశాడు. వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్న నేను, అడగాలని అనుకోకుండానే అడిగేశాను.

"పెట్రోలేమీ పొయ్యలేదు కదా బాబూ?"

"ఈ రోజుల్లో పెట్రోలుతో ఎవరు కడుగుతారండీ అత్తయ్యగారూ!" అని నవ్వాడు. అతని తప్పేం లేదు, అతనికి తెలియదు. నేనూ నవ్వేసి, కాయల చాట పక్కన పెట్టి, లోపలికెళ్ళి కాసేపు మంచం మీద ఊరికే కూర్చున్నాను.

మీలో నా ఈడు వాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది, కారంటే పెళ్ళికీ, ఆసుపత్రికీ మాత్రమే ఎక్కేదనుకునే రోజులవి. తొంభైలు సగం దాటాయేమో. నేను బందరులో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, సెలవలిస్తే చాలు గుడివాడలో పుట్టింటికి పరుగెత్తేదాన్ని. అక్కడ అమ్మ, అన్నయ్య, వదిన ఉండేవాళ్ళు. అన్నయ్యకో పాత అంబాసిడర్ టాక్సీ ఉండేది. ఆ కారును ఆయన ఎంత ముద్దు చేసేవాడంటే, వదిన దాన్ని 'మీ పెద్దభార్య' అని ఎగతాళి చేసేది. మా వదినకి పిల్లల్లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే కొంగుతో కళ్ళొత్తుకునే రకం కాదావిడ, 'మాకున్నదొక్కటే, అదీ ఇంట్లో తినదు, పెట్రోలు బంకులో తింటుంది' అని ఎదురు నవ్వించేది. ఆవిడ నవ్వితే నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. అంత గట్టిగా నవ్వే ఆడమనిషిని మళ్ళీ నేను చూడలేదు, చూడాలని ఇప్పటికీ ఉంటుంది.

దసరాకి ఆయుధ పూజంటే మా ఇంట్లో కారుకే. మిగతా డ్రైవర్లు ఇంజను కిరసనాయిలుతో కడుక్కునేవాళ్ళు. అన్నయ్యకి అది నచ్చేది కాదు. కిరసనాయిలు జిడ్డు వదలదనీ, దాని మీద కుంకుమ బొట్టు నిలవక జారిపోతుందనీ ఆయన వాదన. అందుకని పెట్రోలులో బ్రష్షు ముంచి మూలమూలలా రుద్దేవాడు. నిజం చెప్పొద్దూ, కొత్త ఇత్తడి బిందెలా తళతళలాడేది ఇంజను. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆ కడుగుడంతా ఎప్పుడూ పూజకి ముందురోజే అయిపోయేది, రాత్రంతా బానెట్ తెరిచే ఉండేది. ఏదో ప్రమాదమని కాదు. అమ్మకి పెట్రోలు వాసన పడదు. అగరొత్తులూ, చామంతులూ ఉన్నచోట ఆ కంపేమిట్రా అని గొణిగేది. అమ్మ ముక్కు కోసమని చేసిన ఆ ఏర్పాటే అన్నేళ్ళూ మమ్మల్ని కాపాడిందని మాకెవ్వరికీ తెలియదు.

ఆ యేడు పూజకి ముందురోజు అవనిగడ్డ అవతల నుంచి కబురొచ్చింది. నొప్పులు పడుతున్న మనిషిని బెజవాడ చేర్చాలట. పండగ పూట ఏ డ్రైవరూ కదలనంటే అన్నయ్య కదిలాడు. ఆ తల్లినీ బిడ్డనీ క్షేమంగా దించి, మర్నాడు పొద్దెక్కాక, లంకల బురదంతా పూసుకొచ్చిన బండితో ఇల్లు చేరాడు. ఇక్కడ అమ్మ పంచాంగం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"కాసేపట్లో వర్జ్యం వచ్చేస్తుందిరా. ఈలోగా కానివ్వాలి."

అన్నయ్య టిఫినైనా చెయ్యలేదు. ఇంజను ఇంకా కాలుతుండగానే పెట్రోలు డబ్బా తెచ్చి కడగడం మొదలెట్టాడు. పెట్రోలు తగిలిన చోటల్లా ఆవిరై లేచింది, వీధంతా వాసన. వదిన పీట మీద పసుపూ కుంకుమా సర్దుతోంది, నేను బంతిపూలు గుచ్చుతున్నాను. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ కంపులో దేవుడికి దండం ఎలా పెట్టనురా, ఆ మూతన్నా వెయ్యి" అంది. అన్నయ్య బానెట్ దించేశాడు. వాసన తగ్గింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. దాని పైన మూడు నామాలు దిద్దాడు, దండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు. వదిన పళ్ళెంలో కర్పూరం వెలిగించి ముందుకొచ్చింది. అప్పుడు అమ్మే, ఇంజనుకి కదా అసలు హారతి, తెరవరా అంది. అన్నయ్య బానెట్ ఎత్తాడు.

మంట ఒక్కసారిగా భగ్గుమంది. పేలుడులాంటి చప్పుడు కూడా లేదు, పెద్ద దుప్పటి దులిపినట్టు ఓ శబ్దం, అంతే. లోపల నిండిన పెట్రోలు ఆవిరంతా హారతి పళ్ళెం మీదకొచ్చింది. వదిన పండక్కని కట్టుకున్న చీర నైలాను చీర. ఎదురింటి డ్రైవరు బాబాయి గోనెపట్టా తడిపి తెచ్చేలోపల, అన్నయ్య ఒట్టి చేతులతో ఆర్పేలోపల, జరగవలసింది జరిగిపోయింది. ఆ వాసనా, ఆ కేకా ఇక్కడ రాయను. నాకు ఓపిక లేదు.

ఆ బాబాయి కారులోనే వదినని బెజవాడ తీసుకెళ్ళాం. దివిసీమ నుంచి ఎందరినో ఆసుపత్రులకు మోసిన మా అన్నయ్య, తన మనిషి విషయంలో మాత్రం ఇంకొకరి కారు వెనక సీట్లో, కాలిన చేతులు గాలిలో పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. వాకిట్లో మా అంబాసిడర్ ముందు సగం మాడి, అద్దాలు పగిలి, అలాగే నిలబడి ఉంది.

డాక్టరుగారు అన్నయ్యని పక్కకి పిలిచి లాభం లేదని చెప్పేశారు. కాలిన వాళ్ళు కొన్నాళ్ళు బాగానే మాట్లాడతారట, అందుకని ఆశపడవద్దని కూడా చెప్పారు. వదిన నిజంగానే బాగా మాట్లాడింది. నొప్పి గురించి కాదు.

"బండికేమైందండీ?"

అన్నయ్య, కాలిన చేతులు ఆవిడకి కనపడకుండా వెనక్కి పెట్టుకుని, నా వంక చూశాడు, మళ్ళీ ఆవిడ వంక తిరిగాడు. "దానికేం కాలేదే. మనం పెట్టిన నామాలు కూడా చెదరలేదు."

ఆ కట్లలోంచి వదిన ముఖం ఎంత తేటపడిందో నేను చూశాను. ఉన్న ఒక్క ఆధారమూ నిలిచిందనుకుంది. 'ఇక నా గతి ఏమైనా ఈయన బతుకుతాడు' అనుకుందో ఏమో. ఆ క్షణాన ఆ అబద్ధం కంటే పెద్ద మందు ఎవరూ ఇచ్చి ఉండరు, అందుకే నేనూ నోరు మెదపలేదు.

అయితే టాక్సీకి ఒప్పుకున్న బేరాలన్నీ, ఎవరిని ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళాలో, వదినకి నోటికే ఉండేవి. మర్నాడో ఆ మర్నాడో, ఒక కుటుంబాన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళాలని గుర్తుచేసింది. ఉత్తరాన ఉన్న శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుళ్ళో వాళ్ళ మనవడికి అన్నప్రాసన. అన్నయ్య, ఎదురింటి బాబాయిని వెళ్ళమంటాలే, నేను నీ దగ్గరుంటాను అన్నాడు.

"బండి బాగానే ఉందన్నారుగా, మరి మీరు వెళ్ళడానికేం? పసివాడి శుభకార్యం, మాటిచ్చాం. ఇక్కడ మీ చెల్లెలుంటుంది, వెళ్ళిరండి."

అన్నయ్య ఇంకో రెండు సాకులు చెప్పి చూశాడు. వదిన కళ్ళలో అనుమానం పొడసూపింది. 'నిజం చెప్పండి' అనబోతోందని మా ఇద్దరికీ అర్థమైంది. దాంతో ఆయన, "సరే, వెళ్తానులే, ఎందుకంత కంగారు" అనేశాడు.

పొద్దున్నే ఆయన తల దువ్వుకుని, కట్లు కట్టిన చేతులకి ఎలాగో ఖాకీ చొక్కా తొడుక్కుని, ఆ చేతులు ఎప్పటిలాగే వెనక్కి దాచుకుని, చొక్కా ఆవిడకి కనపడేలా మంచం దగ్గరకొచ్చి నిలబడి, వెళ్ళొస్తానని చెప్పి బయటికెళ్ళాడు. ఎక్కడుంటాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వరండాలోనో, టీ బడ్డీ దగ్గరో ఉంటాడులే అనుకున్నాను.

ఆ రోజంతా వదిన ఆ కారులోనే ప్రయాణం చేసింది. "ఎక్కడిదాకా వెళ్ళుంటారే?" అని అడిగేది. పామర్రు దాటుంటారు వదినా అనేదాన్ని. ఇంకాసేపటికి కూచిపూడి దాటించాను. గుడికి చేర్చాను. పిల్లాడికి పరమాన్నం తినిపించాను. మధ్యాహ్నం తర్వాత ఊపిరి మారింది. నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఆయన్ని పిలిపించమంది. నేను వరండా అంతా వెతికాను, మెట్లు దిగి టీ బడ్డీ దగ్గర చూశాను, రోడ్డు మీద అటూ ఇటూ పరుగెత్తాను. ఎక్కడా లేడు. తిరిగొచ్చేసరికి వదిన పెదవులు కదులుతున్నాయి, వంగి విన్నాను. వచ్చారా అని అడుగుతోంది.

"వచ్చేశారు వదినా. బండి నీడకి పెట్టి వస్తున్నారు" అన్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అన్నయ్య వచ్చాడు. చేతిలో ఆకు పొట్లం. బస్టాండు పక్క హోటల్లో పులిహోర కట్టించుకుని, గుళ్ళో ప్రసాదమని వదిన నోట్లో పెడదామనుకున్నాడట. ఆవిడకి చెప్పవలసినవన్నీ, పిల్లాడు పాకుతూ వెళ్ళి పుస్తకం పట్టుకున్నాడనీ, వాళ్ళ తాతగారు మురిసిపోయారనీ, అన్నీ తయారుచేసుకుని వచ్చాడు. తెల్లదుప్పటి ముఖం మీదుగా కప్పి ఉండడం చూసి కూడా ఆ పొట్లం వదల్లేదు. నేనే చేతిలోంచి తీసుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత అమ్మ పంచాంగం ముట్టుకోలేదు, కారు తుక్కుకి పోయింది, అన్నయ్య ఒక రైసు మిల్లులో కాపలాకి చేరాడు. స్టీరింగు మళ్ళీ పట్టలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు.

కాలం చాలా మారింది, మంచికే మారింది. ఇంజను ఎలా కడగాలో పిల్లలకి ముందే తెలుస్తోంది, దసరాకి కారు ముందు దూరంగా ఓ కర్పూరం బిళ్ళ వెలిగించి సరిపెడుతున్నారు. మనుషులూ ఒకరికొకరు అందుబాటులో ఉంటున్నారు. మా ఇంట్లో కూరగాయలకి వీధి చివరికెళ్ళిన వాళ్ళకి కూడా ఫోను చేసి ఎక్కడున్నావంటారు. అది వింటే నాకు మంటగానూ ఉంటుంది, ఏడుపూ వస్తుంది. ఆ రోజు అన్నయ్య ఎంతో దూరంలో లేడు. బస్టాండు బెంచీ మీద, ఆసుపత్రికి నడిచి వచ్చేంత దూరంలో, పొద్దుగూకాలని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పిలిస్తే పరుగెత్తుకొచ్చేవాడు. పిలిచే దారి మాకు లేకపోయింది. వదిన మాత్రం, ఆయన బండి పెట్టి వస్తున్నాడనుకుంటూ, తలుపు వైపే చూస్తూ పోయింది.