బూట్లలో కుక్కిన పేపరు

మా జట్టు గోల్‌కీపర్ జ్వరంతో చనిపోయాక కూడా వాళ్లమ్మ అతని ఫుట్‌బాల్ బూట్ల పని మానలేదు. రోజూ తోలుకు ఆముదం పట్టించి, లోపల పాత పేపరు కుక్కి నీడన పెట్టేది. ఆడి వచ్చాక చెమట పీల్చడానికి మేమందరం చేసే పనే అది. ఎవరూ తొడగని బూట్లకు ఎందుకని నాకు లోలోపల చిరాకుగా ఉండేది.

మొన్న ఎండాకాలం డోన్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఆమె నా ముందే ఆ పేపరు బయటికి లాగి నా చేతిలో పెట్టింది. తడిసి ముద్దయి, వెచ్చగా ఉంది.

"నిన్న శానాసేపు ఆడినాడు నాయనా," అంది నింపాదిగా, బొటనవేలితో బూటు కొసను నొక్కి చూస్తూ. "ఈ తూరి వచ్చేటప్పుడు ఒక సైజు పెద్దవి తీసుకురా. వేళ్లు నొస్తాండాయంట."