జావ వద్దన్న దొర

ఆ రోజుల్లో ఒళ్లు చేయడమంటే సర్కారు ఉద్యోగం వచ్చిందనడానికి గుర్తు. నాకు మాత్రం ఉద్యోగం కంటే ఒళ్లే ముందొచ్చింది. బస్తరు రాజ్యంలో, పామేడు అవతల అడవి నాకాలో, అంటే తనిఖీ గేటు దగ్గర, కలప బండ్ల లెక్క రాసుకునే మున్షీగా చేరేనాటికే నాలుగడుగులు వేస్తే ఆయాసం. భద్రాచలంలో ఒక వైద్యుడు నాడి చూసి అన్నం, జావ, గడ్డలు ముట్టవద్దన్నాడు. కూరలు, మాంసం ఎంతైనా తినమన్నాడు (నా ఆకలి సంగతి ఆయనకేం తెలుసు పాపం).

నాకాలో నేనొక్కణ్ణే. మనిషి మొహం చూడాలంటే పక్కనున్న దొర్ల తెగవాళ్ల పల్లెకు పోవాలి. సాయంత్రాలు ఒక అవ్వ వాకిట్లో కూర్చునేవాణ్ణి. ఆ కాస్త మాటా లేకపోతే నాకు పిచ్చెక్కేది, నిజం. అక్కడ ఇంటికొచ్చినవాడికి ముందు దొప్పలో జావ పోస్తారు, తాగితే మనవాడు. నంజుకోవడానికి ఇంత కూర. కుండెడు జావ ఇంటిల్లిపాదికీ గొంతు దిగాలంటే ఆ కూరే ఆధారం. పథ్యం మొదలైన రోజు నేను జావ పక్కకు జరిపి, కూర గిన్నె దగ్గరికి లాక్కుని, ఎండు చేపల పులుసు అడుగంటా ఊడ్చేశాను. పైగా ఇంకేమన్నా ఉందా అని అడిగాను. అవ్వ కోడలు ఖాళీ గిన్నె వైపు, నా పొట్ట వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట వాళ్లంతా ఉప్పుగల్లు నంజుకుని తాగారట.

తర్వాత ఎవరూ పిలవలేదు. నేనే పోతే మర్యాదగా మంచం వేసి, వాళ్ల పనుల్లో వాళ్లు పడేవారు. దొర మన జావను ఏవగించుకుంటున్నాడని పల్లెంతా అనుకుంటోందని ఒక బండివాడు చెప్పాడు. నాకాలో గుడ్లు ఉడకబెట్టుకుని, గోడతో మాట్లాడుకుంటూ తినేవాణ్ణి. ఒళ్లు తగ్గింది, చూసి మెచ్చుకునే దిక్కు లేదు. ఏడుపొచ్చేది.

చివరికి సిగ్గు విడిచి అవ్వ దగ్గరికే పోయి వైద్యుడి మాట చెప్పుకున్నాను. ఆమె అంతా విని, దొప్ప అందుకుంది.

"జావ తాగొద్దన్నడు, సరే. ఒక్కనివే ఉండమని కూడ చెప్పిండా కొడుకా?"

దొప్ప అడుగు తడిసేంత జావ పోసింది. తాగాను. కోడలు మాత్రం పులుసు గిన్నెను నాకు అందనంత దూరంలో పెట్టింది (ఆమెనేం తప్పుపట్టను).

ఇప్పుడు పట్నంలో డాక్టరు చిన్న గిన్నె చూపించి, ఇంతే తినాలన్నాడు. సరిగ్గా అంతే వండుకుని తింటున్నాను. ఇంత బుద్ధిమంతుణ్ణి ఎప్పుడయ్యానా అని నవ్వొస్తుంది. ఇంకొంచెం పోయనా అని ఎవరైనా అడిగితే, వద్దు అవ్వా అనాలని మాత్రం ఉంటుంది. అడిగేవాళ్లు లేరు.