మా సార్ తాగేసిన పత్తి

మనుషులకు పనికొచ్చే మొక్కల గురించి చదువుకోవడానికి నేను తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కనున్న మా పల్లె నుంచి విరుదునగర్ కాలేజీకి రోజూ బస్సులో వేలాడుతూ పోయి వచ్చేదాన్ని. పేపరు పేరు ఎకనామిక్ బోటనీ. దాన్ని మా అవ్వకు ఎలా చెప్పాలో తెలియక, "పనికొచ్చే చెట్ల గురించి చదువుకుంటాండా" అన్నాను. మా నాన్నను కన్న ఆ తల్లి చేటలో మినుములు చెరుగుతూ చెయ్యి ఆపింది.

"పనికిరాని చెట్టు యాదిమే? ఉంటే చూపించు, నేనూ చూస్తా."

నేను ఊరి బయట అడవిలా పెరిగిన సర్కారు తుమ్మను చూపించాను. అది నేలలో నీళ్లన్నీ పీల్చేస్తుందని మాకు పాఠం.

"నరికుడి పక్కంతా దాని కట్టె కాల్చి బొగ్గు అమ్మి దా అన్నం తింటాండారు. నీకు పాఠం చెప్పే వాత్తియారును ఒకసారి పోయి చూసి రమ్మను," అని మళ్లీ మినుముల్లో పడింది. ఫీజు కట్టి చదువుతున్న సబ్జెక్టు ఒక్క చేట చెరిగేలోపు అయిపోయింది. నాకు ఒళ్లు మండింది.

ఆ పేపరుకు ముప్పై మొక్కలను ఎండబెట్టి, అట్టల మీద అతికించి, కింద పేరూ ఉపయోగమూ రాసి ఇవ్వాలి. ఎండబెట్టడానికి కాగితాలు తిరుత్తంగల్‌లో ప్రెస్సులో పనిచేసే మా మేనమామ పంపాడు. అన్నీ తప్పు అచ్చయిన క్యాలెండర్లు. రంగు పక్కకు జరిగి ఒక లక్ష్మీదేవికి నాలుగు కళ్లు, ఒక మురుగనుకు రెండు ముక్కులు. ఆముదం ఆకు లక్ష్మి ఒడిలో ఆరింది, నువ్వు మొక్క మురుగన్ నెమలి మీద ఆరింది. పైన బరువుకు తిరగలి రాయి పెట్టాను. అమ్మ దేవుళ్ల మీద రాయేమిటని కాసేపు గొణిగి, ఆనక దానికే కుంకుమ బొట్టు పెట్టింది.

ఎండిన మొక్కలకు పురుగు పట్టకుండా విషమందు పట్టించాలి. నేను ఒక్కదానికీ పట్టించలేదు. సార్ అట్టలన్నీ తిప్పి చూసి, ఎర్ర ఇంకుతో "విషం లేదు" అని రాసి, మందు సీసా చేతికిచ్చి, సోమవారానికి పట్టించి తెమ్మన్నారు. తేకపోతే మార్కులుండవన్నారు. సీసా తెచ్చి అటక మీద పెట్టాను. రేపు చూద్దామనుకోవడంలో నన్ను మించినవాళ్లు మా తాలూకాలో లేరు.

పదిహేడో అట్ట మీదిది కరుంగన్ని పత్తి. మా నల్లరేగడిలో వాన నీటికే పండే పాత రకం. మోకాలి ఎత్తు మొక్క, చిన్న కాయ. ఇప్పుడు చుట్టుపక్కలంతా మొక్కజొన్న, లేదంటే కొట్లో కొన్న ప్యాకెట్టు పత్తి. అవ్వ ఒక్కతే చేను గట్టు వెంబడి నాలుగు సాళ్లు వేసేది. ఏటా ఆ గింజలను బూడిదలో కలిపి, కుండలో పోసి, మూతికి పేడ మెత్తి అటక ఎక్కించేది. ఐప్పసి నెల వాన పడగానే దించేది. "ఒక్క ఏడు వెయ్యకపోతే ఇత్తు తెగిపోతాది, మళ్ళ యాడ పుట్టేది?" అనేది. ఆ మాట నిజమే. ఆ గింజలు మా ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేవు, పక్క ఊళ్లోనూ లేవు.

ఆ రకం మన పక్క కనిపించడం లేదని సార్ క్లాసులో అన్నప్పుడు నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. మా ఇంట్లో కుండెడు ఉందని లేచి నిలబడి చెప్పాను. ఆదివారమే వచ్చి చూస్తానన్నారు. ఇంటికి వచ్చి అమ్మతో, "సార్ కరుంగన్ని గింజల కోసమే వస్తాండారు" అన్నాను. ఇంకొక్క ముక్క కూడా చేర్చలేదు.

మా ఇళ్లలో ఎవరైనా ఒకదాని కోసం వస్తున్నారంటే అది తినడానికో తాగడానికో. పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లమూ శొంఠీ వేసి కాచడంలో అమ్మకు మా వంశంలోనే పేరు. రోజూ అయితే కొట్లో గొడ్లకని అమ్మే గింజలతో చేస్తుంది. వాత్తియారు అంత దూరం నుంచి ఫలానా గింజలే కావాలని వస్తుంటే గొడ్ల గింజలు పెడుతుందా? అవ్వ చుట్టాలింట్లో చెవులు కుట్టే వేడుకకని నరికుడి వెళ్లింది. అడగడానికి మనిషి లేదు. అమ్మ శనివారమే కుండ దించి, పేడ పగలగొట్టి, బూడిద కడిగి మొత్తం నానబోసింది. నేను నిద్ర లేచేసరికే రుబ్బడం అయిపోయింది. వంటింట్లోకి తొంగి చూసే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు.

సార్ వచ్చారు. మొదటి గ్లాసు తాగి, ఇలాంటిది పుట్టి ఎరగనన్నారు. రెండోది అడిగి తాగారు. మూతి తుడుచుకుని, జేబులోంచి భూతద్దం తీసి, "ఇక గింజలు చూద్దామా?" అన్నారు.

అమ్మ నవ్వుతూ గ్లాసు వైపు చెయ్యి చూపించింది.

సార్ భూతద్దం గ్లాసు మీద పెట్టి చూశారు. పాపం, ఇంకేమి చేస్తారు? సరిగ్గా అప్పుడే అవ్వ వెనక గుమ్మంలోంచి వచ్చింది. పెరట్లో బోర్లించిన కుండను చూసే వచ్చింది.

"నా పత్తిని తాగినాడా వాడు?"

మా ఇంటి తెలుగు రాని సార్, ఆమె ఏమంటున్నారని తమిళంలో అడిగారు. బాగుందా అని అడుగుతోందన్నాను. "సూపర్ పాటీ!" అన్నారాయన, అవ్వను తమిళంలో పిలుస్తూ.

అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. అమ్మ "అత్తా, నాకు తెలీలేదత్తా" అని ఏడుపు మొదలుపెట్టింది. నాకు భయమేసింది. అవ్వ నోరు మూసుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. వచ్చే మాసి నెలలో, కాయలు పగిలే వేళకు, గట్టు మీద ఆ నాలుగు సాళ్లు ఉండవు. ఎప్పటికీ ఉండవు. నా గొప్పల వల్ల, నా ఒక్క వాక్యం వల్ల.

అప్పుడు పదిహేడో అట్ట గుర్తొచ్చింది. పత్తికాయలు ఆకుల్లా అణగవు కాబట్టి, పోయిన మాసిలో నాలుగు కాయలను విడిగా పొట్లం కట్టి అట్ట మూలన అంటించాను. విషం పట్టించని పొట్లం. పరుగెత్తి అట్ట తెచ్చి పొట్లం చింపాను.

"అయ్యో, కాయలు లేకపోతే ఆ అట్టకు మార్కులు పోతాయి!" అన్నారు సార్, వెనక నుంచి.

అవ్వ కాయల్లో దూది లాగేసి, గింజలను ఒడిలో పోసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై ఏడు. ఒకటి పంటి కింద కొరికి చూసి, ఉమ్మేసింది. "ప్రాణం ఉండాది," అంది. ఆ తర్వాతే అమ్మ వైపు చూసి, "ఏడ్చేది చాలు, నాకూ ఒక గ్లాసు పొయ్యి. ఎట్ల చేసినావో చూస్తా," అంది.

వాన రెండు వారాలు ఆలస్యంగా పడింది. అవ్వ నలభై ఆరు గింజలనూ పేడనీళ్లలో పొర్లించి, ఆరబెట్టి, సాళ్లలో కాకుండా ఒక్కొక్కటిగా వేలితో గుచ్చింది. ముప్పై ఒకటి లేచాయి. పొద్దునే బస్సు తప్పిపోతున్నా నేను గట్టు మీద కూర్చుని వాటిని చూసేదాన్ని. ఒక రోజు కళ్లలో నీళ్లొచ్చాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

వైవాలో సార్ అన్ని అట్టలూ తిప్పి పదిహేడు దగ్గర ఆగారు. చినిగిన మూల మీద వేలు పెట్టి, పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడమ్ వింటుండగా, "కాయలేవి?" అన్నారు.

"మొలిచాయి సార్."

ఆ అట్టకు సున్నా వేశారు. బయటికి వచ్చాక మెట్ల దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి, వచ్చే ఏడు కాలేజీ తోటలో వేయడానికి ఓ పది గింజలు దొరుకుతాయేమో అవ్వను అడగమన్నారు.

అడిగాను. అవ్వ చేట పక్కన పెట్టింది.

"ఇస్తాం చెప్పు," అంది. "తాగనని మాత్రం కాయితం రాయించుకోని రా."