చీటీ వైపు ముక్క

ఆస్పత్రి ల్యాబులో కణితులు కోసే ఆయన్ని అందరూ పొరల మాస్టారు అనేవారు. మైనంలో బిగించిన కణితిని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గాజు పలకకు అంటించడంలో ఆయనకు ఆయనే సాటి. ఇరవై రెండేళ్లలో తన చేతిలో తప్పు జరగలేదని గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

ఆయనకు భయమంటూ ఉన్నది సొంత అన్నంటేనే. అన్న లారీ షెడ్డులో మేస్త్రి. సైకిలు ముట్టుకున్నాడని చిన్నప్పుడు తమ్ముడి వేలు తలుపు సందున పెట్టి విరిచిన ఘనుడు. పెళ్లాన్ని కొట్టని వారం లేదు. అలాంటి మనిషికి ముద్ద దిగడం మానేసింది. ఆహారనాళంలో కణితి అన్నారు. అందులో ఫలానా ప్రొటీన్ ఉంటే ఏడాది తిరగడం కష్టమనీ, లేకపోతే ఆపరేషన్‌తో ఏళ్ల తరబడి బతకొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. పరీక్షకు తీసిన ఆ కణితి ముక్క తమ్ముడి బల్ల మీదికే వచ్చింది.

రంగు వేస్తే ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. రంగు పనిచేసిందో లేదో తెలియడానికి, ఆ ప్రొటీన్ కచ్చితంగా ఉన్న వేరెవరిదో పాత ముక్కను ప్రతి పలక మీదా రోగి పేరు చీటీ ఉన్న కొస వైపు అంటిస్తారు. మాస్టారు రంగు వేయడం ముగించేసరికి అన్న దూసుకొచ్చి, కాలరు పట్టి గోడకేసి గుద్దాడు. బల్ల మీది పలకలు భళ్లున పగిలాయి.

"చెప్పరా. ఉందా, లేదా?"

మాస్టారు చేతిలో మిగిలిన అన్న పలకను వెలుగుకెత్తాడు. చీటీ అరచేతి చాటున ఉండిపోయింది. ఏ కొస ఏదో చూసుకోలేదు. గోధుమరంగు కనిపించింది. డాక్టరమ్మ చూడకముందే నోరు జారాడు.

"ఉందన్నా."

ఆ సాయంత్రం అన్న ఇంట్లో ఒక్క గిన్నె మిగల్లేదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకునే రకం కదా, రెంచీ పుచ్చుకుని వదిన మీద పడ్డాడు. ఆవిడ కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

మర్నాడు డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, మీ అన్న ముక్కలో రంగే లేదు, మీరు చూసింది చీటీ వైపున్న పాత ముక్క రంగు అని అంది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పరుగున అన్న ఇంటికి వెళ్లాడు. అన్న గదిలో నిద్రపోతున్నాడు. వదిన వంటింట్లో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో గాజుపెంకులు ఏరుతోంది. ఆవిడ కాళ్ల మీద పడ్డాడు. తప్పంతా తనదేనన్నాడు. అన్న కణితిలో ఆ ప్రొటీన్ లేదనీ, ప్రాణానికి ఢోకా లేదనీ చెప్పాడు.

వదిన ఏరడం ఆపింది.

"ఏడాదేగా అని ఓర్చుకున్నానయ్యా," అంది. "ఇప్పుడు ఎన్నేళ్లంటావు?"

గదిలోంచి అన్న నీళ్లు తెమ్మని అరిచాడు. వదిన గోడ పట్టుకుని లేచింది.