నానబెట్టని దుంప

మొన్న కార్తీకమాసంలో రావులపాలెం బస్టాండులో రాజమండ్రి బస్సు కోసం కూర్చుని ఉంటే, ఎదురుగా తోపుడుబండి మీద సత్తు డేగిసాలో కర్రపెండలం ఉడుకుతున్న వాసన వచ్చింది. ఉప్పునీళ్ళలో తెల్లటి ముక్కలు పగిలి విచ్చుకుంటుంటే వచ్చే ఆ వాసనలో కాస్త తడిమట్టి, కాస్త పచ్చిపాలు, కాస్త పిండి కలిసి ఉంటాయి. లోకానికి అది ఆకలి పుట్టించే వాసన, నాకు పిక్కలు బిగుసుకునే వాసన. పక్కన కూర్చున్న ఉత్తరీయం పెద్దమనిషి గుండెనిండా పీల్చి, "యుద్ధం రోజుల్లో ఇదే తిని బతికేవండీ. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒక్క గింజ పారెయ్యనిచ్చేవారు కాదు. ఏం పొదుపండీ అది, ఏం క్రమశిక్షణండీ!" అన్నాడు. నేను ఊరుకునే మనిషిని కాను. "ఎవరి కడుపు మాడ్చి మిగిల్చేరండీ ఆ గింజలు?" అని అడిగాను. ఆయన రాని బస్సు వచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు.

ఆయన వినకుండా పోయింది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు ఐనవిల్లికి అవతల, కాలవగట్టు మీద. ఆషాఢంలో కాలవకి ఎర్రనీరు వచ్చి అరటితోటల మొదళ్ళు నాకుతుండేది. చవితినాడు పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు ఆవిరి కక్కుతూ ఆకుతో సహా విస్తట్లో పడేవి. మాఘంలో డాబా మీద కాకరకాయ ఒరుగులూ, వంకాయ ఒరుగులూ, గుమ్మడి వడియాలూ ఎండుతుంటే, మేం ఆడపిల్లలం కాకుల్ని తోలే వంకన పైకెక్కి సగం ఎండిన వడియాలు నమిలేసేవాళ్ళం. ఈ వైభవానికంతటికీ తాళంచెవి మా నాయనమ్మ బొడ్లో ఉండేది. ఆవిడ బియ్యం సోలతో కొలిచేటప్పుడు బొటనవేలు సోల లోపలికి పెట్టి పట్టుకునేది. మగవాళ్ళ బియ్యానికి ఆ వేలు గోరువరకే దిగేది, కోడళ్ళ బియ్యానికి మొదటి కణుపుదాకా, మాణిక్యత్తయ్య బియ్యానికి వేలంతా దిగిపోయేది.

మాణిక్యత్తయ్య నాయనమ్మకి కోడలు కాదు, కన్నకూతురు. మా నాన్నగారి చెల్లెలు. కాపరానికి వెళ్ళకముందే మొగుడు పోతే గుండు చేయించి, తెల్లపంచె కట్టించి, మడిలో కూర్చోబెట్టారు. మడి అంటే ఈ కాలం పిల్లలకి తెలియదు కనక చెబుతాను: ఆవిడ వంట ఇంకొకరు తాకకూడదు, ఆవిడ ఇంకొకరిని తాకకూడదు, అన్నం పగలు ఒక్కపూటే, రాత్రికి ఉప్పిండో అట్టో ఏదో ఫలాహారం, నీళ్ళలో రాత్రంతా ఉన్నదేదైనా చద్ది కింద లెక్క, కాబట్టి నిషిద్ధం. నేను చెప్పే రోజులకి కూడా ఆవిడకి పాతికేళ్ళు దాటలేదు. నాయనమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తే, గోచీ బిగించి మాతో తొక్కుడుబిళ్ళ ఆడేది. ఒంటికాలి మీద అన్ని గళ్ళూ గెంతి, అదే కాలి మీద వెనక్కి తిరిగి వచ్చేది. మాలో ఎవరూ ఆవిణ్ణి ఓడించలేదు.

బర్మా బియ్యం ఆగిపోయిన తరవాత అధికారులు గాదెలు కొలిచి, ఇంటికింత అని వదిలి తక్కిన ధాన్యం పట్టుకుపోవడం మొదలుపెట్టారు. అప్పుడే మా వీధికి సుగుణమ్మగారు వచ్చింది. ఆవిడ పుట్టింది ఊరవతల పేటలో, చదివింది మిషను బడిలో, పంతులమ్మగా ఉన్నది రాజమండ్రిలో. పెరళ్ళలో ఏం పండించాలో, ఏది ఎలా ఎండబెట్టి దాచాలో ఇల్లిల్లూ తిరిగి నేర్పమని సర్కారు పంపింది. తెల్లచీర, నల్లగొడుగు, కాళ్ళకి బూట్లు. మావాళ్ళు అరుగు మీద కూర్చుని, ఆవిణ్ణి ఎండలో వాకిట్లో నిలబెట్టి పాఠం చెప్పించుకున్నారు. గంజి పారబొయ్యొద్దంది, అరటి దవ్వా పువ్వూ వండుకోమంది, కప్పు మీదకి పొట్లా ఆనపా పాకించమంది. "ఒరుగులు పెట్టడం మాకు నేర్పడానికి వచ్చేవుటమ్మా?" అని నాయనమ్మ నవ్వితే, అరుగంతా నవ్వింది. సుగుణమ్మగారు కూడా నవ్వేసి, సంచిలోంచి కర్రపెండలం కొమ్మముక్కలు తీసింది.

"ఇది చేదు రకమండీ. ఎలకలు ముట్టవు, పందులు ముట్టవు, ఇసకలోనైనా ఊరుతుంది. కానండీ, నానబెట్టకుండా మటుకు తినకూడదు. ఆయ్, ప్రాణానికి ముప్పండి" అని చెప్పి, మాకు, పిల్లలకి, చప్పట్లు కొట్టిస్తూ ఒక పాట నేర్పింది:

తొక్క తియ్యి, ముక్క కొయ్యి,
తెల్లవార్లూ నానబొయ్యి,
నానినీళ్ళు పారబొయ్యి,
ఎండబెట్టి పిండి చెయ్యి.

ఆవిడ వెళ్ళగానే నిలబడ్డ చోట పేడనీళ్ళు చల్లారు. కొమ్మముక్కల మీద కూడా నీళ్ళు చల్లి లోపలికి తీసుకున్నారు. పాట మీద చల్లడానికి వీల్లేక దాన్ని మాకే వదిలేశారు.

తలుపు చాటున నిలబడి పాఠమంతా విన్నది మాణిక్యత్తయ్య. పెరడంతా తవ్విందీ, బోదెలు తీసిందీ, కొమ్మలు పాతిందీ ఆవిడే. భాద్రపదానికి మా పెరడు చూడ్డానికి ముంగండనించి, అయినాపురంనించి మనుషులు వచ్చేవారు. కొబ్బరిచెట్ల సందుల్లో మనిషెత్తు పెండలం, దాని కింద తోటకూర, దడి మీద బచ్చలి, పాక మీద బూడిదగుమ్మళ్ళు. సుగుణమ్మగారు మళ్ళీ వచ్చి అదంతా చూసి, మా నాన్నగారితో, "ఈ చెయ్యి ఎవరిదండీ?" అని అడిగింది. తెలుసుకుని, "రాజమండ్రిలో మా బళ్ళో తర్ఫీదు ఇస్తారండీ, బత్తెం ఇస్తారు. తరవాత నాలాగే ఊళ్ళకి పంపుతారు. బ్రాహ్మణ వితంతువులకి వేరే వంటిల్లు ఉందండీ, మడికి లోటు రాదు. పంపుతారా?" అంది.

నాన్నగారు ఎవరికీ కాదనలేని, ఎవరికీ అవుననలేని మనిషి. "చూద్దామండీ" అన్నారు. అప్పుడు తలుపు చాటునించి, మా ఇంట్లో ఎప్పుడూ వినపడని గొంతు, "నేను వెడతాను అన్నయ్యా" అంది.

నాయనమ్మ ఆ రాత్రి కేకలు వెయ్యలేదు. వత్తులు చేసుకుంటూ అంది: "ఉగాది వెళ్ళాక పొమ్మనరా. కాని బండి కట్టించను. ముక్తేశ్వరం రేవుదాకా నడిచి పోవాలి. దాని కాళ్ళు, దాని ఇష్టం."

"నడుస్తానమ్మా" అంది అత్తయ్య. అంత సంతోషంగా అనకుండా ఉండవలసింది.

పుష్యంలో దుంపలు తవ్వడం మొదలైంది. గోలేల నిండా నీళ్ళు పోసి, ముక్కలు నానబెట్టి, పొద్దున్నే ఆ పుల్లనీళ్ళు పారబోసి, డాబా మీద ఎండబెట్టి, దంపి, జల్లించి, ఇంటిల్లిపాదికీ పిండి చేసింది అత్తయ్య. దాంతో రొట్టెలు, ఉండ్రాళ్ళు, జంతికలు. మేమంతా బొజ్జలు నిమురుకుంటూ తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. అత్తయ్య దగ్గరకి వచ్చేసరికి నాయనమ్మ శాస్త్రం తీసింది. రాత్రంతా నీళ్ళలో ఉన్నది చద్ది కదా, మడి మనిషి ఎలా తింటుంది? అందుకని ఆవిడకి అప్పటికప్పుడు తవ్విన దుంప, అప్పటికప్పుడు ఉడకేసింది. దుంప గింజ కాదు గనక ఫలాహారం కింద చెల్లుతుంది, కాబట్టి ముందు రాత్రి ఉప్పిండి మానిపించింది. సంక్రాంతి వెళ్ళాక పగటి అన్నం కూడా మానిపించి, ఆ బియ్యం గాదెకి చేర్చింది. పప్పు మగవాళ్ళకి, మజ్జిగ పిల్లలకి. అత్తయ్యకి దుంప, ఉప్పు.

నేను ఆ వయసులోనే నోటిదురుసుదాన్ని. వంటింటి గడపలో నిలబడి, "తెల్లవార్లూ నానబొయ్యి అని పాటలో ఉంది కదా నాయనమ్మా! నానబెట్టకపోతే ముప్పని పంతులమ్మగారు చెప్పలేదూ?" అన్నాను.

"పేటమనిషి చెప్పింది వేదమటే నీకు? మడేవిటో దానికేం తెలుసు?"

"మరి మేం తింటున్నది కూడా ఆవిడ చెప్పినట్టు చేసిందే కదా!"

అట్లకాడ వీపు మీద పడింది. నాన్నగారు పక్క గదిలో దగ్గారు. ఆయన మా ఇంటి అన్యాయాలన్నింటికీ దగ్గేవారు.

అత్తయ్య మాత్రం నన్ను పెరట్లోకి పిలిచి, తాకకుండా దూరంగా కూర్చుని, "ఊరుకోవే. ఉగాదిదాకానేగా. ఇప్పుడు మడి తప్పేనంటే, ఆ వంకతో అసలు పంపరు" అంది. నాలిక చేదుగా ఉందని ఉప్పుకల్లు చప్పరించేది. తిన్న కాసేపటికి తల తిరుగుతోందని కొబ్బరిమొదలుకి ఆనుకునేది. చేదు మింగడానికి ముక్కు మూసుకుని తినడం నాకు చూపించి నవ్వించింది కూడా.

శివరాత్రి వెళ్ళిన వారానికి, ఒక పొద్దున్న తోటకూర మడిలో గొంతుకూర్చుని కలుపు తీస్తున్న మనిషి లేవలేకపోయింది. మోకాళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి, మడమలు నేలకి ఆనక, మునివేళ్ళ మీద కాళ్ళు కత్తెరలా బిగుసుకున్నాయి. లేచి నిలబడబోయి బచ్చలిదడి మీద పడింది. నేను తొక్కుడుబిళ్ళ ఆడుతోందనుకుని నవ్వాను. నాయనమ్మ వచ్చి చూసి, "లేవే, ప్రయాణం ఇంకా దూరం ఉంది, ఇప్పట్నించీ నాటకాలెందుకు?" అంది. నాటకం కాదని తెలిశాక వైద్యుణ్ణి పిలిపించింది. ఆయన గుమ్మం అవతలే నిలబడి వాతం అన్నాడు. దుంప ఆపి అన్నం పెట్టారు. కాళ్ళు తిరిగి రాలేదు.

ఉగాది ముందు, పెరళ్ళ పోటీ చూడ్డానికి ఒక అధికారీ, ఆయనతో సుగుణమ్మగారూ వచ్చారు. మా పెరడుకే మొదటి బహుమతి, వెండికప్పు. అధికారి దాన్ని నాయనమ్మ చేతికిచ్చి, ఇలాంటి తల్లులుంటే దేశంలో ఆకలి ఉండదన్నాడు. అత్తయ్యని పొద్దున్నే కొబ్బరికాయల కొట్లో పెట్టి గొళ్ళెం వేశారు. మంచిపని వేళ విధవ ఎదురవకూడదు కదా.

"మాణిక్యమ్మగారు సిద్ధమేనాండీ?" అని సుగుణమ్మగారు అడిగింది.

నాయనమ్మ కప్పు చెంగుతో తుడుస్తూ, "దానికి ఇష్టం లేదేమోనమ్మా. నేనేం ఆపడం లేదు. నడిచి వస్తే తీసుకుపో" అంది.

గొళ్ళెం తీసింది నేనే. అత్తయ్య మోచేతుల మీద పాకుతూ, కాళ్ళు వెనక ఈడ్చుకుంటూ, తాను పాతిన పెండలం బోదెల మీదుగా వాకిట్లోకి వచ్చింది. పంచె నిండా మట్టి. అధికారి ముఖం తిప్పుకున్నాడు. సుగుణమ్మగారు గొడుగు వదిలేసి, నేల మీద కూలబడి, ఆ రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళతో పిక్కలు నొక్కి చూసింది.

"నానబెట్టకుండా తిన్నారాండీ?" అని అడిగింది. అత్తయ్య తల ఊపింది.

అప్పుడు అరుగు మీదనించి ఒక కేక వచ్చింది. మా పిల్ల ఏమైపోయిందన్న కేక కాదు. "ముట్టుకుంది! ముట్టుకుందర్రా!" అన్న కేక. అధికారి ఎదురుగానే, కదల్లేని మనిషి గుండు మీద నూతినీళ్ళు బిందెలకి బిందెలు కుమ్మరించారు. సుగుణమ్మగారు కూడా తడిసిపోయింది, పాదాలు వదల్లేదు. "ఎత్తుకుని తీసుకెడతానండీ, పంపండి" అంది నాన్నగారితో. నాన్నగారు దగ్గారు.

సుగుణమ్మగారు మళ్ళీ మా వీధికి రాలేదు. తరవాత నేను రాజమండ్రిలో కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. చేదుపెండలంలో విషం ఉంటుందనీ, నానితే అది నీళ్ళలోకి దిగిపోతుందనీ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నాయనమ్మకి ఈ సంగతి తెలుసా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. కాళ్ళు పడిపోతాయని తెలియదు, ఒప్పుకుంటాను. కూతురు నీరసపడి రేవుదాకా నడవలేక ఆగిపోవాలని కోరుకుంది, అది మటుకు తెలుసు. ఆవిడ శాస్త్రంలో ఆ కోరికా ఈ మడీ ఎక్కడ అతుక్కున్నాయో విడదీసి చూపించమంటే నావల్ల కాదు. యుద్ధానికి ఆదా చేసిన అత్తయ్య బియ్యం ఆ వైశాఖంలో మా అన్నయ్య ఒడుగు సంతర్పణలో ఒక్కపూటలో అయిపోయింది. పులిహోర మిగిలిపోతే ఆవులకి పెట్టారు.

అత్తయ్య ఆ తరవాత ముప్ఫయ్యేళ్ళు బతికింది. ఎండిన కొబ్బరిమట్ట మీద కూర్చుని, చేతులతో నేలని తోసుకుంటూ, అదే పెరట్లో తోటకూర మళ్ళు వేసింది. కప్పు ఇప్పుడు అన్నయ్యగారింట్లో గాజుబీరువాలో ఉంది, అందులో ప్లాస్టిక్ పువ్వులు పెట్టారు. చూసినవాళ్ళకి మా వదిన, "మా మావగారి తల్లిగారిదండీ, యుద్ధంలో ఊరందరికీ పొదుపు నేర్పేరండీ" అని చెబుతుంది.

బస్టాండులో నేను లేచి బండి దగ్గరకి వెళ్ళాను. ఎప్పుడూ అడిగేదే అడిగాను. "నానబెట్టేవా?"

బండివాడు నవ్వాడు. "దీనికి నానబెట్టక్కర్లేదండీ. తియ్యరకమండి. చేదుదండీ, ఇటేపు ఇప్పుడెవరూ వెయ్యట్లేదండి. ఆ యిత్తనమే పోయిందండి, ఆయ్."

మడీ పోయింది, సోలలూ పోయాయి, మాణిక్యత్తయ్యా పోయింది. ఆ విత్తనం కూడా పోయిందిట. పొట్లం కట్టించుకున్నాను, తినలేదు. అంతలో రాజమండ్రి బస్సు వచ్చి దూరంగా ఆగింది. నడిచి వెళ్ళి ఎక్కాను.