గులుము బస్సు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది పుస్తకంలో అచ్చుకాకపోవడం వల్లేనని గట్టిగా నమ్మేదాన్ని. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, వరంగల్ కాశిబుగ్గలో ఎర్ర అక్షరాలు వెలిగే డిస్‌ప్లే బోర్డులు తయారుచేసే ఒక షెడ్డులో అప్పుడే ఉద్యోగానికి చేరాను. యజమానిని అందరం సేఠ్ అనేవాళ్లం. ఆయనది తాతల నాటి బట్టల వ్యాపారం కావడంతో వైరును కూడా గుడ్డ తాను కొన్నట్టు ఒకే రంగుది చుట్టలకొద్దీ కొనేసేవాడు. అందుకే మా బోర్డుల వెనక తలుపు తీస్తే ఎర్ర వైర్లు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. ఏది ఎటు పోతుందో మా పెద్ద మెకానిక్ చాచాకు మాత్రమే తెలుసు (ఆయన కళ్లు మూసుకుని తడిమి చెప్పేవాడు. నేను కళ్లు తెరిచి కూడా చెప్పలేకపోయేదాన్ని).

ఒక బస్టాండు కోసం చేసిన బోర్డును తనిఖీ చేయడానికి ఒక మేడం వచ్చింది. వెనక తలుపు తీసి, ఒక వైరు పట్టుకుని, ఇది ఎటు పోతుందని అడిగింది. తనకు ఎరుకేనన్నాడు చాచా. మీకు జ్వరమొస్తే ఎవరికి ఎరుక అని అడిగి, ప్రతి వైరుకూ గుర్తు పెట్టేదాకా సంతకం చేయనని, వారం గడువిచ్చి వెళ్లిపోయింది. ఆ ఆర్డరు పోతే షెడ్డు మూయాల్సిందేనని సేఠ్ ఆ మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. ఆ బాధ్యత నాకివ్వండని నేనే ముందుకు దూకాను.

బోర్డులో ఎనిమిది పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో అక్షరం వెలుగుతుంది. అక్షరాలను పంపే కార్డు నుంచి ఒక్కో పలకకు ఒక్కో వైరు. నేను బోర్డు వెనక కూర్చుని, ఎడమ నుంచి కుడికి పలకలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా ముత్యాల్లాంటి అంకెలు అతికించాను. చాచా ఏమో, కార్డు మీద మొదటి అక్షరం పంపే చోట ఒకటి, రెండో అక్షరానికి రెండు, అలా వేశాడు. పాత వైర్లన్నీ పీకించి, అంకెకు అంకె కలిపి కొత్తవి బిగించాను. స్విచ్ వేసి, ములుగు అని టైపు చేశాను. బోర్డు మీద ‘గులుము’ అని వచ్చింది. పాలకుర్తి అని కొడితే వచ్చినదాన్ని పలకడం నా వల్ల కాలేదు.

ఏ వైరు తప్పిందో చూద్దామని నేను వెనక నిలబడి ఒకటో నంబరు పీకాను. సందుల్లోంచి వెనక్కి పడే వెలుగును బట్టి, మొదటి పలక ఆరిపోయింది. ముందున్న చాచా ఆఖరిది ఆరిపోయిందన్నాడు. కాదు మొదటిదన్నాను. ఆయన పెద్దమనిషి, నేను చదువుకున్నదాన్ని, ఇద్దరమూ తగ్గలేదు. చివరికి చోట్లు మార్చుకున్నాం. ముందుకొచ్చి చూస్తే నిజంగానే ఆరింది ఆఖరిది. “అవును చాచా, ఆఖరిదే” అని ఒప్పుకున్నాను.

“లేదు బేటీ, నువ్వే కరెక్ట్. మొదటిదే ఆరింది,” అన్నాడాయన వెనక నుంచి, ఎంతో మర్యాదగా.

ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నాక కూడా తగువు తీరకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి. పిలిస్తే వచ్చిన సేఠ్ పక్కన నిలబడి అటూ ఇటూ తొంగిచూసి, తనకేమీ కనబడతలేదని తల పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేడం వచ్చింది.

ఆమె వెనక్కి వెళ్లి అంకెలు చదివింది, ముందుకొచ్చి బోర్డు చదివింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. అంతా కలిపి రెండు నిమిషాలు. “అమ్మాయీ, బస్టాండుల జనం బోర్డును ముందు నిలబడి చదువుతరా, ఎనక నిలబడి చదువుతరా?”

నేను నిజంగానే కాసేపు ఆలోచించాను (ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు). ఆమె ఇంకేమీ అడగకుండా చాచా వైపు తిరిగింది. “పోయినసారి తప్పున్నా నాకు దొరకకపోతుండె. ఇయ్యాల దొరికింది. పలకల నంబర్లు తిప్పి అతికించి, వైర్లు మార్చుండ్రి, సంతకం చేస్త,” అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి అంకెలన్నీ చాచానే అతికించాడు. ములుగు ములుగుగా వెలిగింది. సేఠ్ అందరికీ చాయ్ తెప్పించాడు.

బోర్డు పెట్టిన తర్వాతి ఆదివారం ప్రత్యేకంగా దాన్ని చూడ్డానికే బస్టాండుకు వెళ్లాను. కింద నిలబడి తలెత్తి, ఒక్కో అక్షరం తన పలకలోనే వెలుగుతోందా అని లెక్కబెట్టుకుంటున్నాను. చేతిలో సంచీతో ఒక అవ్వ వచ్చి, ములుగు బస్సు ఎక్కడ ఆగుతుందో బోర్డు చూసి చెప్పమంది. చూశాను. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ అవి ఏం చెబుతున్నాయో బుర్రకెక్కేలోపు పేరు మారిపోయింది. మళ్లీ వచ్చింది, పక్కనున్న ప్లాట్‌ఫారం అంకెదాకా పోకుండా మళ్లీ మూడో పలక దగ్గరే ఆగిపోయాను.

అవ్వ నా ముఖంలోకి జాలిగా చూసి, గొంతు తగ్గించింది. “సదువు రాదా బిడ్డా? నాకు గూడ రాదు. పా, ఎవలనన్న అడుగుదాం.”

కాదనబుద్ధి కాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంటే బుద్ధిగా వెంట నడిచాను. ఇప్పుడు కళ్లద్దాలు లేనిదే ఏ బోర్డూ చదవలేని నాకు, నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడ్డ ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. వెళ్లి కాసేపు దాని పక్కన నిలబడాలనిపిస్తుంది.