మట్టిలోంచి వినిపించిన కూత

మొన్న శుక్రవారం సాయంత్రం కోరుట్లలో నేను చదువుకున్న కాలేజీ గోడ పక్కనుంచి నడుస్తుంటే, లోపల ఒక ఆడపిల్ల పెట్టిన కబడ్డీ కూత వినిపించింది. నీళ్లు చల్లిన మట్టి వాసన కూడా వచ్చింది. నాకు అరవై మూడేళ్లు. అయినా కడుపు దానంతటదే బిగుసుకుంది. ఆ పిల్ల కూత ఆపేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు.

నాకు ఈ అలవాటు చేసింది మా ఆటల టీచరు ఈశ్వరమ్మ మేడం. గంభీరావుపేట మనిషి. చీర కొంగు నడుముకు దోపి, మెడలో విజిల్ వేసుకుని తిరిగేవారు. ఆమె వచ్చేదాకా మా కాలేజీలో ఆడపిల్లల కబడ్డీ జట్టే లేదు. నేనప్పుడు బీకాం రెండో సంవత్సరం. కాళ్లు చురుకైనవే కానీ గొంతు పెగిలేది కాదు. ఆడపిల్ల మాట గది దాటొద్దని ఇంట్లో పెంచారు మరి. కబడ్డీలో అవతలి కోర్టులో ఉన్నంతసేపూ ఒకే ఊపిరిలో కూత సాగాలి, అది అంపైరుకు వినపడాలి. దసరా సెలవులు అయిపోయాక కాలేజీల లీగు పోటీల్లో మెట్‌పల్లి జట్టుతో మొదటి మ్యాచ్. ఇద్దరిని తాకి వచ్చాను. కూత వినపడలేదని అంపైరు నన్నే అవుటిచ్చాడు. 17–18తో ఓడిపోయాం.

కెప్టెన్ విజయ అక్కడే మండిపడింది. "మేడం, గీమెను తీసెయ్యుండ్రి. చెవుల మంత్రం చెప్పినట్టు కూత పెడ్తది."

"కాళ్లున్నయి. గొంతు నేను తెప్పిస్త" అని మేడం నావైపు తిరిగారు. "వచ్చే మ్యాచ్ దాక సూస్త బిడ్డా. అప్పటికీ ఇనవడకపోతే బయట కూసుంటవ్."

ఆ ఆదివారం రుద్రంగి మీదుగా వెళ్లే బస్సెక్కించి నన్ను సిరిసిల్ల తీసుకెళ్లారు. అక్కడ ఆమె చెల్లెలి భర్త రాజేశం మరమగ్గాలు నడిపేవాడు. వాటిని ఆ ఊళ్లో సాంచాలంటారు. ఎనిమిది సాంచాలు ఒకేసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. నన్ను షెడ్డు ఆ చివర నిలబెట్టి, తాను ఈ చివర నిలబడ్డారు. తనకు వినపడితే చెయ్యెత్తుతానన్నారు.

రాజేశం నవ్వాడు. "ఏం వదినె, గీ పొల్లకు సాంచాలతోని పోటీ పెట్టినవా?"

"నీ పని నువ్వు సూసుకో రాజేశం. సాంచాలు ఓడితె చాయ్ నీది."

గంటసేపు అరిచాను. గొంతు బొంగురుపోయింది కానీ ఆమె చెయ్యి లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె వచ్చి నా పొట్ట మీద అరచెయ్యి పెట్టారు. "గొంతుల కెళ్లి కాదు, గీడికెళ్లి తియ్. ఎవలేమనుకుంటరో అని సగం మింగుతున్నవ్." మధ్యాహ్నం దాటాక చెయ్యి లేచింది. రాజేశం చాయ్ తెప్పించాడు.

తర్వాతి మూడు మ్యాచ్‌లూ గెలిచాం. ఫైనల్ జగిత్యాలలో, ఆ ఊరి జట్టుతోనే. ఆట చివర్లో 21–23తో వెనకబడి ఉన్నాం. కూతకు విజయ కదలబోతుంటే మేడం నా పేరు పిలిచారు. విజయ ఒక్క క్షణం ఆగి, పక్కకు తప్పుకుంది. "పో. గట్టిగ పెట్టు" అంది.

గీత దాటి నాలుగడుగులు వేశానో లేదో నా కాలు దొరికింది. నలుగురు మీద పడ్డారు. నా ముఖం మట్టిలో ఉంది, నోటినిండా మట్టే. అంపైరుకు నా పెదాలు కనపడవు. కూత సాగుతోందా, ఆగిందా అన్నది వినే తేల్చాలి. అతను మోకాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గాడట. నాకు తెలిసింది ఒక్కటే, పొట్టలో ఇంకా కొంచెం ఊపిరి మిగిలి ఉంది. అంగుళం అంగుళం పాకి మధ్య గీతను వేళ్లతో అందుకున్నాను. అంపైరు నాలుగు వేళ్లు చూపించాడు. వాళ్లకు ఒక్క కూతకే సమయం మిగిలింది, ఆ అమ్మాయి వట్టి చేతులతో తిరిగి వెళ్లింది. 25–23.

ఆరుగురిని ఈడ్చుకొచ్చానని మా బంధువులు ఇప్పటికీ చెబుతుంటారు. కాదు, నలుగురే. నలుగురు చాలు.

నన్ను లేపింది విజయ. మేడం మెచ్చుకోలేదు. నా ముఖం మీది మట్టిని తన కొంగుతో తుడిచి, "అంపైర్ ఒక్కడే కాదు, రోడ్డు మీదోళ్లు గూడ ఇన్నరు" అన్నారు.

తర్వాత ముప్పై రెండేళ్లు లెక్కల ఉద్యోగం చేశాను. ఎన్నో మీటింగుల్లో గదినిండా మగవాళ్లు, నేనొక్కదాన్నే ఆడమనిషిని. నేను మాట్లాడుతుంటే ఒకరు కాకపోతే ఒకరు అడ్డొచ్చేవారు, ఒక్కోసారి నలుగురూ ఒకేసారి. కోపం తెచ్చుకునేదాన్ని కాదు, గొంతు తగ్గించేదాన్నీ కాదు. చెప్పాల్సిన వాక్యం చివరిదాకా చెప్పి, అప్పుడే కూర్చునేదాన్ని.